టీటీకి ఎంత సింగారం కావాలి?

మామూలు కారు కొన్నవాడిని “దీనికి ఇంకేం చేయిస్తున్నావు?” అని ఎవరూ అడగరు. సీటు కవర్లు వేయించి, అద్దం దగ్గర ఆంజనేయస్వామిని పెట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాక ఆ సంగతి అక్కడితో ముగుస్తుంది. స్పోర్ట్స్ కారు కొన్నవాడిని మాత్రం తాళం చేతికి వచ్చిన వారం నుంచే అందరూ అదే అడుగుతారు. ఆకారం చూసి మనసుపడి, ఆ ఆకారానికే అంత ధర పెట్టి కొన్నవాడు, దాన్ని మార్చడానికి మళ్లీ డబ్బు పోయడంలో ఉన్న వింత ఎవరికీ తట్టదు.

నేను ఉండేది పాలకొల్లులో. నా దగ్గర ఉన్నది మూడో తరం ఆడీ టీటీ, అంటే ఆ జర్మన్ కంపెనీ చేసిన చిన్న స్పోర్ట్స్ కారు, బూడిద రంగుది, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. మా బావది భీమవరం. రొయ్యల చెరువులు చేస్తాడు, కార్లంటే నాకన్నా ఎక్కువ పిచ్చి. ఈ కారు బయటి రూపాన్ని ఎంతవరకు మార్చాలి, ఎక్కడ ఆగాలి అన్నదాని మీద మా ఇద్దరికీ చాలాకాలంగా వాదన నడుస్తోంది. నా పక్షం ముందే చెప్పేస్తాను. ఆకారం విషయంలో ఎంత పిసినారిగా ఉంటే అంత మంచిది. రంగు విషయంలో మాత్రం ధారాళంగా ఉండవచ్చు. మా గోదావరి డెల్టాలో తిరిగే కారుకైతే ఈ మాట మరీ వర్తిస్తుందని నా నమ్మకం.

టీటీ కథ కొంత వెనక నుంచి చెప్పాలి, ఎందుకంటే బయటి రూపం గురించి మేము పడుతున్న పేచీ ఈ కారు విషయంలో ఇదివరకే ఒకసారి, ప్రాణాలు పోయేంత తీవ్రంగా, జరిగిపోయింది. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో నమూనాగా కనబడి, 1998లో హంగరీలోని గ్యోర్ కర్మాగారం నుంచి వచ్చిన మొదటి టీటీ రూపం వెనక ఫ్రీమన్ థామస్, జె మేస్, పీటర్ ష్రేయర్ వంటి రూపశిల్పులు ఉన్నారు. కంపాస్ పెట్టి గీసినట్టున్న కప్పు వంపు, చక్రాల మీద నిండు అర్ధవృత్తాలు, ముందూ వెనకా దాదాపు ఒకదానికొకటి జవాబు చెప్పుకునే గుండ్రదనం, ఇవే ఆ కారు సర్వస్వం. వెనుక భాగం ఎక్కడా తెగకుండా నున్నగా కిందికి జారిపోయేది. డిక్కీ మీద రెక్క లేదు, పైకి లేచిన అంచు కూడా లేదు. ఆ నున్నదనాన్ని లోకమంతా మెచ్చుకుంది. ఆ తరవాత జర్మనీలో ఆటోబాన్లనే వేగ రహదారుల మీద మంచి వేగంలో ఉండగా, వెనుక చక్రాలు నేల పట్టు కోల్పోయి కార్లు అదుపు తప్పడం, మనుషులు చనిపోవడం మొదలైంది. కంపెనీ అమ్మిన కార్లను వెనక్కి పిలిపించి, డిక్కీ అంచున చిన్న స్పాయిలర్ (గాలితో కారు వెనుక భాగాన్ని నేలకు అదిమే రెక్క) బిగించి, సస్పెన్షన్ మార్చి, కారు జారిపోకుండా చూసే ఈఎస్‌పీ అనే ఎలక్ట్రానిక్ ఏర్పాటు అమర్చి ఇచ్చింది.

ఈ కథను మా బావ తన వైపు సాక్ష్యంగా చెబుతాడు: “చూశావా, రెక్క పెట్టాల్సిందే అని కంపెనీయే ఒప్పుకుంది.” నేను అదే కథను నా వైపు చెబుతాను. ఆ కంపెనీ పెట్టింది తన గీతకు ఎంత తక్కువ భంగం కలుగుతుందో అంత చిన్న రెక్క, అదీ గాలి తాకిడిని పరీక్షించే సొరంగంలో కొలిచి, మనుషులు పోతున్నారు కాబట్టి పెట్టింది. తరువాతి తరాల్లో ఆ మాత్రం కూడా కనబడకుండా డిక్కీలో కలిపేసింది. నా కారులో స్పాయిలర్ గంటకు 120 కి.మీ. వేగం వచ్చినప్పుడు దానంతట అది లేస్తుంది, వేగం బాగా తగ్గాక మళ్లీ పడుకుంటుంది. మన దేశంలో 2018లో ఖరారైన గరిష్ఠ వేగాల ప్రకారం నాలుగు వరుసల రహదారి మీద కార్లకు 100, ఎక్స్‌ప్రెస్‌వేల మీద 120. అంటే చట్టం పాటించే మనిషి చేతిలో ఈ కారు తాడేపల్లిగూడెం నుంచి తణుకు మీదుగా రావులపాలెం దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద ఎన్నిసార్లు తిరిగినా ఆ రెక్క ఒక్కసారి కూడా లేవదు. (లేపడానికి లోపల ఒక బటన్ ఉంది. మా బావ నా కారు తీసుకెళ్లిన రోజున భీమవరం సెంటర్‌లో సిగ్నల్ దగ్గర నిలబడి దాన్ని లేపుతూ దించుతూ ఉంటాడని అక్కడి మిత్రులు చెప్పారు.) గాలి వల్ల పుట్టే బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది, గంటకు 240 కి.మీ. దగ్గర ఒక రెక్క ఇచ్చే ఒత్తిడిలో 60 దగ్గర వచ్చేది పదహారో వంతు. కాలువ గట్ల మీద 60 దాటితే ఏ గేదె ఎటు నుంచి వస్తుందో తెలియని మా వైపు, డిక్కీ మీద నిలబెట్టే పెద్ద రెక్కకు గాలితో చేయవలసిన పని ఏమీ ఉండదు.

అందువల్ల మొదట్లో నా వాదన సులభంగా సాగింది. పని చేయనిదాన్ని పని చేస్తున్నట్టు నటింపజేయడం అబద్ధం, అబద్ధాన్ని కారుకు తగిలించకూడదు అన్నాను. మా బావ దానికి చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గట్టిదిగానే కనబడుతుంది. “నీ టీటీ కింద ఉన్న పునాది ఏమిటి? మన ఊళ్లో తిరిగే స్కోడా ఆక్టేవియా కింద ఉన్నదే కదా. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఎముకల మీద స్పోర్ట్స్ కారు చర్మం కప్పి నీకు అమ్మారు. పెట్రోలు మూత చుట్టూ మరలు కనబడేలా ఎందుకు బిగించారు, దాచలేకనా? వాళ్ల నటనకు లక్షలు పోశావు, నా నటనకు మాత్రం అబద్ధమని పేరు పెడతావా?”

ఆయన చెప్పింది నిజమే. మూడో తరం టీటీ, గోల్ఫ్, ఆడీ ఏ3, ఆక్టేవియా ఒకే ఎమ్‌క్యూబీ పునాది (ఫోక్స్‌వాగన్ సమూహం తన అనేక కార్లకు ఉమ్మడిగా వాడే అడుగు నిర్మాణం) మీద కట్టినవి. స్పోర్ట్స్ కారు అనేదానిలో సగం ఎప్పుడూ వేషమే. కాబట్టి నిజాయితీ అనే కొలబద్దను నేను పక్కన పెట్టేశాను. అలంకారాన్ని తప్పు పట్టడం అసలు మా ప్రాంతంవాళ్లకు నప్పదు కూడా. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి ఊరూరి నుంచి ప్రభలను భుజాల మీద మోసుకొచ్చేవాళ్లకు అలంకారం అంటే ఏమిటో ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. అయితే ప్రభలో వెదుళ్ల చట్రం ఉన్నదే అలంకారాన్ని మోయడానికి. గుడ్డలూ గంటలూ నెమలి పింఛాలూ తీసేస్తే అక్కడ చూడడానికి ఏమీ మిగలదు. టీటీ అలాంటి చట్రం కాదు. అది అలంకరణ పూర్తయి మన ఇంటికి వచ్చిన వస్తువు. కప్పు వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో తేల్చినవాళ్లు, ఆ వంపు మీద ఇంకొకరు పలక నిలబెడతారని లెక్కలో పెట్టుకోలేదు. కాబట్టి కొత్తగా తగిలించే ప్రతి ముక్కనూ నేను అడిగే ప్రశ్న మారింది. అది కారులో ఇదివరకే ఉన్న ఏ గీతను కొనసాగిస్తుంది? దాన్ని తీసేస్తే కారు మళ్లీ యథాస్థితికి వస్తుందా? మా రోడ్డు దాన్ని బతకనిస్తుందా? మొదటి ప్రశ్నకు జవాబు రుచిని బట్టి మారవచ్చు కానీ, మిగిలిన రెండిటికీ జవాబు గ్యారేజీలోనూ గట్టు మీదా దొరుకుతుంది.

ముందు బంపరు కింద బిగించే లిప్ అనే అంచు విషయంలోనే మా ఇద్దరికీ ఎక్కువ పేచీ జరిగింది. చూడడానికి అది నాకూ ఇష్టమే. కారు ముక్కు నేలకు దగ్గరైనట్టు, అడుగున ఒక నల్లని గీత గీసి చిత్రాన్ని ముగించినట్టు ఉంటుంది. ఉన్న గీతను కొనసాగించాలన్న షరతుకూ అది తట్టుకుంటుంది. కానీ డెల్టా రోడ్ల స్వభావం వేరు. ధవళేశ్వరం దగ్గర 1852 నాటికి ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర కాలువలను సాగుకే కాక పడవల రాకపోకలకు కూడా తవ్వించాడు. పడవ కిందనుంచి పోవాలంటే వంతెన ఎత్తుగా ఉండాలి. పడవలు పోయాయి, ఎత్తు వంతెనలు చాలాచోట్ల మిగిలాయి. లాకుల దగ్గరో, ఊరి మొగలోనో అలాంటి వంతెన ఎక్కినప్పుడు ముందు ముక్కుకు, శిఖరం దాటేటప్పుడు నడుముకు పరీక్ష తప్పదు. లెక్క వేసి చూడండి: నా కారు ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2,505 మి.మీ. అడుగు నేల నుంచి 120 మి.మీ. ఎత్తున ఉందనుకుంటే, కడుపు తగలకుండా దాటగల వంతెన శిఖరపు వంపు సుమారు 11 డిగ్రీలు. కారును 30 మి.మీ. దించితే అది 8 డిగ్రీలకు పడిపోతుంది. మూడు డిగ్రీలేగా అనిపిస్తుంది కానీ, గ్యాస్ బండల ఆటో వెనకనుంచి హారన్ కొడుతుండగా వంతెన నడినెత్తిన ఇరుక్కున్నవాడికి ఆ మూడు డిగ్రీల విలువ తెలుస్తుంది.

స్పీడు బ్రేకర్ల సంగతి సరేసరి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం బ్రేకరు ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అంటే మెల్లగా ఎక్కి మెల్లగా దిగే వాలు. మా వైపు పల్లెల్లో ఎవరి ఇంటి ముందు వాళ్లు సిమెంటుతో కట్టించుకున్నవి ఆ ఎత్తులో ఉన్నా ఆ వెడల్పులో మూడో వంతు కూడా ఉండవు. అవి వాలు కాదు, గట్టు. దానికి తోడు కోతల కాలం. సార్వా అయ్యాక, మళ్లీ దాళ్వా అయ్యాక, తారు రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది. రాశి చుట్టూ రాళ్లు పేర్చి పెడతారు. ఆ రాయి మామూలు కారుకు అడుగున దూరిపోతుంది. లిప్ ఉన్న కారుకు ఎదురుగా నిలబడుతుంది. గింజలూ గడ్డీ ముందు జల్లెడలోకి వెళ్లి రేడియేటరు ముందు పేరుకోవడం ఏ కారుకైనా ఉన్నదే కాని, కింది అంచు ఎంత నేలకు దిగితే అంత ఎక్కువగా ఊడ్చుకొస్తుంది.

బావ ఇక్కడ కూడా ఊరుకోలేదు. లిప్ అనేది కవచం అంటాడు. దెబ్బ అది తింటే అసలు బంపరు బతుకుతుంది కదా అని. మెత్తని పాలీయురేథేన్ లిప్ విషయంలో ఈ మాటలో కొంత సత్యం ఉంది. అది వంగుతుంది, మళ్లీ లేస్తుంది, చిరిగితే ఇంకోటి వేసుకోవచ్చు. ఫైబర్‌గ్లాస్‌ది అలా వంగదు, పగులుతుంది; పగిలేటప్పుడు తనను పట్టుకున్న మరలను లాగుతూ బంపరునూ చీల్చుకుపోతుంది. అయినా అసలు చిక్కు వేరేచోట ఉంది. దాదాపు రెండు అంగుళాలు కిందికి దిగిన కవచం, అది లేకపోతే తగలని రాళ్లకు కూడా తగులుతుంది. టీటీ తయారీ 2023 నవంబరుతో ఆగిపోయింది. ఇకముందు బంపరు పగిలితే రావడానికి పట్టే కాలం, అయ్యే ఖర్చు పెరగడమే తప్ప తగ్గవు. కాబట్టి లిప్ వద్దనుకున్నాను. ఇష్టం లేక కాదు, ఇష్టం ఉండీ వద్దనుకున్నాను. అందుకే దాని గురించి ఇంత రాయవలసి వచ్చింది.

చక్రాల విషయంలో అంకెలే తీర్పు చెబుతాయి. నా కారుకు ఉన్న టైర్లు 245/40 ఆర్18 (వెడల్పు 245 మి.మీ., గోడ ఎత్తు అందులో 40 శాతం, రిమ్ 18 అంగుళాలు). అంటే రిమ్ అంచు నుంచి రోడ్డు దాకా ఉండే రబ్బరు గోడ ఎత్తు 98 మి.మీ. అదే 245/35 ఆర్19కి మారితే దాదాపు 86, 255/30 ఆర్20కి మారితే 76.5. చక్రం మొత్తం వ్యాసంలో తేడా ఒక సెంటీమీటరు కూడా ఉండదు, గాలీ రబ్బరూ ఉండవలసిన చోటును లోహం ఆక్రమిస్తుంది, అంతే. అర్ధవృత్తం నిండుగా కనబడుతుందన్నది నిజం. వానాకాలంలో నీళ్లు నిండిన గుంత లోతు తెలియకుండా పడ్డప్పుడు రిమ్ వంగుతుందన్నది ఇంకా నిజం. మా దగ్గర వంగిన అల్లాయ్‌ని కాల్చి, కొట్టి సరిచేసేవాళ్లు ఉన్నారు. అలా వేడిచేసి కొట్టిన రిమ్‌ను హైవే మీద నమ్మడానికి నాకు మనసొప్పదు. 18 అంగుళాలతోనే ఉండిపోయాను, రంగు మాత్రం మార్పించాను.

ఇక రంధ్రాలు పెట్టే పనులు. ఇవి ఎక్కడైనా చెడ్డవే కానీ మా సముద్రపు గాలిలో మరీ చెడ్డవి. టీటీ కింది పళ్లెం, ముందు భాగం ఉక్కువి. బానెట్, తలుపులు, కప్పు, డిక్కీ అల్యూమినియంవి. అల్యూమినియం పలకకు డ్రిల్లు వేసి ఉక్కు మరతో రెక్కనో, అంచునో బిగిస్తే, రెండు వేర్వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. మధ్యలో ఉప్పు తేమ చేరితే చాలు, బ్యాటరీలో జరిగే చర్యే అక్కడ నెమ్మదిగా మొదలవుతుంది. మరకు ఏమీ కాదు, దాని చుట్టూ ఉన్న అల్యూమినియం తెల్లని పొడిగా రాలుతుంది, పైనున్న రంగు పొక్కులు లేస్తుంది. ఇక్కడ తేమకు కొదవ లేదు. నరసాపురం వైపునుంచి వచ్చే గాలిలో ఉప్పు ఉంది, ఉప్పునీటి చెరువుల పక్కన ఉన్న రోడ్డు మీద దుమ్ములో ఉప్పు ఉంది, చేపల లారీలనుంచి దారి పొడవునా కారే నీళ్లు ఎదురుగా వచ్చి బంపరు మీద పడుతూనే ఉంటాయి. డబుల్ టేపుతో అంటించే ముక్కలకు ఈ ప్రమాదం లేదు కానీ, టేపు వెనక చేరిన బురద రంగును గీరుతుంది. ఒకసారి పెట్టిన రంధ్రాన్ని పూడ్చి రంగు వేయవచ్చు, అక్కడినుంచి ఆ పలక మళ్లీ మునుపటి పలక కాదు.

పూర్తిగా కోయడం అనేది ఇంకో లోకం. జపాన్‌లో నకాయ్ అకిరా పాత పోర్షేల చక్రాల తోరణాలను కోసి, వాటి మీద వెడల్పాటి గోడలు బిగిస్తాడు; లిబర్టీ వాక్ పేరుతో కాటో వతారు ఫెరారీలకూ లాంబోర్గినీలకూ అదే పని చేస్తాడు. ఆ పనితనం ముందు నేను తల వంచుతాను. అక్కడ కోసేవాడు ఆ కారును తన సొంత బొమ్మగా మళ్లీ చెక్కుతున్నాడు, సగం సగం చేయడం లేదు. మనవాళ్లు చేయించేది ఎక్కువగా ఎక్కడో అచ్చుపోసిన ఫైబర్‌గ్లాస్ కిట్టు తెప్పించి, అది కారుకు సరిపడక, సందులన్నీ లప్పంతో నింపి, ఉప్పు కాగితంతో రుద్ది, రంగు కొట్టడం. ఎండకు లప్పం ఒకలా, ఫైబర్ ఒకలా సాగి, మొదటి వేసవికే అతుకు గీత పైకి తేలుతుంది.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు, తయారీదారు ఇచ్చిన నిర్మాణానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. రంగు మార్పు, చిన్నచిన్న అమరికలు వేరు, నిర్మాణాన్ని మార్చడం వేరు అన్నది ఆ తీర్పు సారం. అదే ఏడాది వచ్చిన సవరణ, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని విధించవచ్చంది. “యానాంలో రిజిస్టర్ చేయిద్దాం, అక్కడ పట్టించుకోరు” అని బావ స్నేహితుడొకాయన సలహా ఇచ్చాడు. పన్నుల్లో తేడా ఉంటుందేమో గాని ఈ చట్టం కేంద్రానిది, యానాం వెళ్లే ఎదుర్లంక వంతెన దాటినంత మాత్రాన మారేది కాదు. అంతకన్నా పోలీసుల భయం లేనివాడు కూడా బీమా కంపెనీకి భయపడాలి. చెప్పకుండా చేయించుకున్న మార్పు క్లెయిమ్ దగ్గర బయటపడితే పేచీ పెట్టడానికి వాళ్లకు అదే చాలు.

దీపాలకూ అద్దాలకూ ఎక్కువ మాటలు అక్కర్లేదు. హెడ్‌లైట్ల మీద పొగరంగు ఫిల్ము వేస్తే కారు చూపు కోపంగా ఉంటుందంటారు. పుష్యమాసంలో తెల్లవారుజామున కోనసీమ రోడ్ల మీద పొగమంచులో కారు నడిపినవాడు ఉన్న వెలుతురును తగ్గించుకోవాలని కోరుకోడు. అద్దాల విషయంలో ముందూ వెనకా 70 శాతం, పక్కల 50 శాతం వెలుతురు పోవాలన్నది నిబంధన. నల్ల ఫిల్ములను 2012లోనే సుప్రీంకోర్టు కాదంది. ఇక కింది మోడల్ కొని పై మోడల్ అక్షరాలు అంటించే అలవాటు గురించి మా బావ కూడా నా వైపే ఉన్నాడు. టీటీ ఆర్‌ఎస్‌లో ఐదు సిలిండర్ల ఇంజను ఉంటుంది, నాకున్నవి నాలుగు. ఆ అక్షరాలు అంటించినా స్టార్ట్ చేయగానే చెవి ఉన్నవాడికి తెలిసిపోతుంది.

ఇన్ని వద్దన్నాక రంగు మిగులుతుంది. ఇక్కడ నేను బావకన్నా తెగువ గలవాడిని. రంగు ఏ గీతనూ చెరపదు, పైగా మంచి రంగు పడితే గీతలు ఇంకా స్పష్టంగా కనబడతాయి. చట్టం దానికి దారి ఉంచింది, రవాణా శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ పత్రంలో కొత్త రంగు నమోదు చేయించుకుంటే సరిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, వినైల్ ఫిల్ముతో, అంటే కారు మీద అతికించే రంగు ప్లాస్టిక్ పొరతో, చేయిస్తే అది తిరిగి ఊడదీయగలిగిన మార్పు. బూడిద రంగు టీటీకి బాగానే నప్పుతుంది, వంపుల మీద వెలుగునీడలను చక్కగా చూపిస్తుంది. కాని పొగమంచులో, వానలో, సాయంత్రపు మసకలో ఆ కారు రోడ్డు రంగులో కలిసిపోతుంది. 1,353 మి.మీ. ఎత్తున్న బూడిద రంగు కారు ఎదురుగా వస్తుంటే ట్రాక్టరు మీద ఎత్తున కూర్చున్న మనిషికి అది ఎంత ఆలస్యంగా కంటబడుతుందో ఆలోచించండి. రెక్క చేయలేని పని ఇక్కడ రంగు చేస్తుంది. అందుకే ముదురు పసుపు ఎంచుకున్నాను, నిమ్మపండు రంగు కాకుండా కాస్త ఎరుపు కలిసిన పసుపు. వరిచేల పచ్చదనం మధ్య ఆ రంగు దూరంనుంచే తెలుస్తుంది. బావ నమూనా ముక్క చూసి, “పిల్లలు స్కూలు బస్సనుకుని చెయ్యెత్తుతారు” అన్నాడు. ఎత్తనీ.

రంగుకు హద్దు లేదా అంటే ఉంది. సంగీతకారుడు డెడ్‌మౌ5, అసలు పేరు జోయెల్ జిమ్మర్‌మన్, తన ఫెరారీ 458 మీద ఎగిరే పిల్లి బొమ్మ ఉన్న ఫిల్ము వేయించి, గుర్రం గుర్తు స్థానంలో పిల్లి గుర్తు పెట్టించి, 2014లో అమ్మకానికి పెట్టినప్పుడు ఫెరారీ వాళ్లు లాయరు నోటీసు పంపారు. ఆయన ఫిల్ము పీకించేశాడు, కింద అసలు రంగు అలాగే ఉంది. నాకు ఆ పిల్లి నచ్చదు. కాని ఆ కథలో నేను జిమ్మర్‌మన్ పక్షమే; ఒక్క రంధ్రం పెట్టకుండా ప్రపంచాన్ని అంత నవ్వించడం, అంత విసిగించడం చిన్న విషయం కాదు. తన కారు మీద తనకు నచ్చిన బొమ్మ వేయించుకుని, కావాలనుకున్నప్పుడు అసలు కారును అసలు రూపానికి తేగలిగాడు.

ఫిల్ము వేయించేటప్పుడు చూసుకోవలసినవి మా వైపు రెండు మూడు ఉన్నాయి. మెరుపులేని మ్యాట్ రకం ఫొటోల్లో బాగుంటుంది, కాని దాని మీద గీత పడితే పాలిష్‌తో పోదు; కొబ్బరి చెట్టు కింద, పిట్టల కింద కారు నిలపవలసిన ఊళ్లో మెరిసే రకమే మేలు. రెండోది, కింద ఉన్న రంగు ఫ్యాక్టరీదో కాదో ముందే తేల్చుకోవాలి. తాడేపల్లిగూడెంలో ఏళ్ల తరబడి టింకరింగ్, పెయింటింగ్ చేస్తున్న పెద్దాయన నాకు సూటిగా చెప్పాడు: “లప్పం పెట్టి తిరిగి కొట్టిన చోట ఫిల్ము పీకితే దాంతోపాటు రంగు కూడా వచ్చేస్తదండి. అప్పుడు నన్ననుకోకూడదు మరి.” ఆ లప్పాన్ని పట్టుకోవడం టీటీలో కాస్త కష్టం. సెకండ్‌హ్యాండ్ కార్ల బ్రోకర్లు జేబులోంచి అయస్కాంతం తీసి అతికించి చూస్తారు, అతుక్కోకపోతే లప్పం ఉన్నట్టు లెక్క. అల్యూమినియం బానెట్‌కు అయస్కాంతం లప్పం ఉన్నా లేకపోయినా అతుక్కోదు. ఇనుము కాని లోహాల మీద కూడా పూత మందం కొలిచే మీటరు ఉన్నవాడి దగ్గరికే వెళ్లాలి. నా కారుకు ముందు బంపరు ఒక్కటే తిరిగి రంగు వేసినదని తేలింది. అది ప్లాస్టిక్‌ది కాబట్టి, దాన్ని విప్పి వేరుగా అదే పసుపు పెయింటుతో కొట్టించాలని, మిగతాదంతా ఫిల్ము వేయించాలని తేల్చుకున్నాం. ఫిల్ముకూ పెయింటుకూ ఛాయ కలవకపోవచ్చునని పెద్దాయన ముందే హెచ్చరించాడు. బంపరు పక్కనున్న సందు ఎలాగూ గీతే కాబట్టి నేను దానికి సిద్ధపడ్డాను.

కప్పు నల్లగా ఉంచాలా, అదీ పసుపేనా అన్న దగ్గర మళ్లీ ఆగాం. నల్ల కప్పు ఇప్పుడు వాడుక, చిన్న కార్లకు కూడా కంపెనీలే అలా వేసి అమ్ముతున్నాయి. మిగతా కార్లలో నాకు అభ్యంతరం లేదు. టీటీలో మాత్రం ఆ కప్పు వంపే కారు. దాన్ని నల్లగా చేస్తే పసుపు నడుము దగ్గర తెగిపోయి, ముందు అద్దం నుంచి డిక్కీ దాకా ఒకే ఊపున సాగే గీత రెండు ముక్కలవుతుంది. పైగా వైశాఖంలో నల్ల కప్పు కింద కూర్చోవడం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. కప్పు కూడా పసుపే. అద్దాల తొడుగులు, కింది గ్రిల్లు, చక్రాలు నలుపు; అవి నీడలో ఉండే భాగాలు, వాటికి నలుపు సహజంగా పోతుంది. పెట్రోలు మూతను, దాని చుట్టూ ఉన్న మరలను కప్పకుండా వెండిరంగులోనే వదిలేయమన్నాను.

పని ఫిబ్రవరికి ఖాయం చేసుకున్నాను. సార్వా నూర్పుళ్ల దుమ్ము అప్పటికి అణిగిపోతుంది, దాళ్వా కోతలు ఇంకా మొదలుకావు, పెద్ద ఎండలు రావు; ఫిల్ము కింద ఒక్క ఊక నలుసు ఇరుక్కున్నా పొక్కులా కనబడుతుందట. ఈలోగా రంగు మార్పుకు దరఖాస్తు, బీమా కంపెనీకి ఉత్తరం వెళ్లాలి. బావ మాత్రం తన మాట మీదే ఉన్నాడు. నేను వద్దన్న లిప్‌ను తన కారుకు తెప్పించుకుంటున్నాడు, పాలీయురేథేన్‌దే, డ్రిల్లు లేకుండా. భీమవరం నుంచి మా ఇంటికి వచ్చే దారిలో ఎన్ని వంతెనలు ఉన్నాయో ఆయనకు తెలియనిది కాదు.